నాటాల్ వలస ప్రకటనలు ఎలా చదవాలి: ఆశ చూపిన కాగితం నుంచి ముత్తాత పేరు దాకా

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో నాయుడు, రెడ్డి, చెట్టి అనే ఇంటిపేర్లతో స్థిరపడిన కుటుంబాల వాళ్ళు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. మా వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం చూసి ఓడెక్కారు? ఇటు శ్రీకాకుళం, విశాఖ, నెల్లూరు వైపు కొన్ని ఇళ్ళలో ఇదే ప్రశ్న రెండో కొస నుంచి వినిపిస్తుంది. మద్రాసు రేవులో ఓడెక్కిన ఆయన చివరికి ఏమయ్యాడు? రెండింటికీ జవాబు చాలావరకు పాత సర్కారు కాగితాల్లో ఉంది. అవి చదవగలిగితే చాలు.

చదవడమంటే ఇంగ్లీషు తెలిస్తే సరిపోదు. డర్బన్ ఉన్న నాటాల్ కాలనీకి కూలీలను రప్పించడానికి వేసిన ఆ ప్రకటనలు రాసిన పద్ధతే వేరు. ఆశ చూపే మాట ఒక కాగితంలో ఉంటుంది, దాన్ని వెనక్కి లాగే మాట ఇంకో ఏడాది వచ్చిన ఇంకో కాగితంలో ఉంటుంది. మొదటిది ఒక్కటే చదివితే మన వాళ్ళు సుఖంగా వెళ్ళి సంపాదించుకున్నారనిపిస్తుంది. రెండోది ఒక్కటే చదివితే ఏమీ తెలియని అమాయకులు అనిపిస్తుంది. రెండూ నిజం కావు. అందుకే ఈ మార్గదర్శి అంతటా ఒకే పద్ధతి చెబుతాను: ఏ ప్రోత్సాహకం కనిపించినా, దాని జంట కాగితం దొరికేదాకా వదలకండి.

ముందు కొంచెం నేపథ్యం. ఆఫ్రికా ఆగ్నేయ తీరంలోని నాటాల్‌ను బ్రిటిష్ వాళ్ళు 1843లో కలుపుకున్నారు. తీరం వెంట చెరకు వేశారు. అక్కడి ఆఫ్రికన్ రైతులకు సొంత భూమి, పశువులు ఉన్నాయి. తోటల యజమానులు ఇచ్చే కూలికి ఏడాది పొడవునా కట్టుబడి పని చేయాల్సిన అవసరం వాళ్ళకు లేదు. దాంతో తోటల వాళ్ళు భారతదేశం వైపు చూశారు. ఇన్నేళ్ళు పని చేస్తామన్న ఒప్పందం మీద కూలీలను తీసుకెళ్ళడానికి నాటాల్‌లో 1859 నాటి 14వ లా, ఇక్కడ 1860 నాటి 33వ చట్టం వచ్చాయి. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. 1911 జులై 1న భారత ప్రభుత్వం వలసను ఆపేసేనాటికి మొత్తం 1,52,184 మంది వెళ్ళారు. వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచే. తెలుగువాళ్ళు, తమిళులు ఆ గుంపులో కలిసే ఉన్నారు.

అడుగు 1: చేతిలో ఉన్నది ఏ రకం కాగితమో తేల్చుకోండి

పాత కాగితం ఫొటో ఒకటి వాట్సాప్‌లో వస్తుంది. కింద "మన పూర్వీకుల ఒప్పందం" అని ఉంటుంది. తీరా చూస్తే అది ఏదో గెజిట్ నోటీసు. కాబట్టి మొదటి పని రకం తేల్చుకోవడం.

చట్టమైతే పేరులోనే కాలం తెలుస్తుంది. నాటాల్‌లో 1856 దాకా చేసిన వాటిని ఆర్డినెన్సులు అన్నారు. శాసన మండలి వచ్చాక 1893 దాకా చేసినవి 'లా'లు. 1893లో బాధ్యతాయుత ప్రభుత్వం, అంటే అక్కడి తెల్లవాళ్ళకు సొంత మంత్రివర్గం వచ్చాక చేసినవి 'యాక్ట్'లు. ఎవరైనా "1870 నాటి యాక్ట్" అని రాస్తే వాళ్ళు అసలు కాగితం చూడలేదని అనుమానించవచ్చు.

గెజిట్ నోటీసుకు పైన నంబరు, కింద కలోనియల్ సెక్రటరీ సంతకం ఉంటాయి. దీన్ని చదివేది తోటల యజమానులు, వ్యాపారులు, మేజిస్ట్రేట్లు. కూలి మనిషి చేతికి ఇది వచ్చేది కాదు.

కూలి మనిషి దాకా వచ్చింది షరతుల కాగితం. 1883 నాటి భారత వలస చట్టం ప్రకారం వలస ఏజెంటు ప్రతి రిక్రూటరుకూ, అంటే ఊళ్ళల్లో కూలీలను కుదిర్చే మనిషికి, షరతుల పత్రం ఇంగ్లీషులోనూ, ఆ ప్రాంతపు భాషలోనూ ఇవ్వాలి. రిక్రూటరు దాన్ని మనిషికి చూపించాలి. తర్వాత రిజిస్ట్రేషన్ అధికారి ముందు నిలబెట్టి, షరతులు అర్థమయ్యాయా, ఇష్టపడే వెళ్తున్నావా అని అడిగించాలి. ఎక్కువమందికి చదువు రాదు గనుక కాగితంలో ఏముందన్నది రిక్రూటరు నోట వచ్చిన మాటే. ఈ సంగతి గుర్తుంచుకోండి. మనకు దొరికేది అచ్చయిన మాట. వాళ్ళు విన్నది వేరే అయి ఉండవచ్చు.

ఇవి కాక ఓడ జాబితాలు, విచారణ సంఘాల నివేదికలు ఉన్నాయి. జాబితాల సంగతి అడుగు 6లో వివరంగా చెబుతాను.

అడుగు 2: తేదీని రెండు వైపుల నుంచీ చూడండి

కాగితం మీది తేదీ నాటాల్‌లో ఏం చెబుతుందో, మన జిల్లాల్లో ఏం చెబుతుందో రెండూ చూడాలి.

నాటాల్ వైపు ఇలా. 1860 నుంచి 1866 దాకా మొదటి విడత. వ్యాపారం పడిపోయి 1866లో ఆగింది. మొదట వెళ్ళినవాళ్ళు 1871లో తిరిగొచ్చి, జీతాలు సరిగా ఇవ్వలేదని, జబ్బు చేసిన రోజులకు కోత పెట్టారని, కొట్టారని మద్రాసులో ఫిర్యాదు చేశారు. భారత ప్రభుత్వం వివరణ అడిగింది. 1872లో నాటాల్ ఒక కమిషన్ వేసింది. కొరడా దెబ్బల శిక్ష తీసేశారు, కూలీ ఏజెంటు అన్న పదవిని వలసదారుల ప్రొటెక్టర్‌గా మార్చారు. 1874లో వలస మళ్ళీ మొదలైంది. అంటే 1874 తర్వాతి ప్రకటనల్లో "మీకు అన్యాయం జరగకుండా సర్కారు చూసుకుంటుంది" అన్న ధోరణి కనిపిస్తే దాని వెనక తిరిగొచ్చిన ఆ కూలీల గొంతు ఉందన్నమాట. వాళ్ళు నోరు విప్పకపోతే ఆ మాట కాగితం మీదికి వచ్చేది కాదు.

మన వైపు చూస్తే 1876-78లో ధాత కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక రాయలసీమలో ఆ పేరుతోనే చెప్పుకుంటారు. వలస మళ్ళీ మొదలైన రెండేళ్ళకే ఈ కరువు. అలాంటప్పుడు "రోజుకు ఇంత బియ్యం" అన్న మాట వినేవాడికి జీతం కన్నా పెద్దది.

అడుగు 3: ప్రోత్సాహకం ఎవరికి?

ఈ ప్రశ్న వేయకుండా చాలామంది ముందుకెళ్ళిపోతారు. 'సర్కారు సాయం' అనగానే కూలికే అనుకుంటాం. డబ్బు ఎవరి జేబులోంచి వచ్చి ఎవరి జేబులోకి వెళ్ళిందో గీత గీసి చూడండి.

నాటాల్ ప్రభుత్వం 1874 నుంచి కూలీలను రప్పించే ఖర్చు కోసం ఏటా 10,000 పౌన్లు ఇచ్చింది. మిగతాది యజమానులు కట్టుకోవాలి. అంటే తోటల యజమానికి మనిషి తక్కువ ఖర్చులో దొరికాడు, తేడా మాత్రం ఊరందరి పన్నుల్లోంచి వచ్చింది. ఈ గ్రాంటు మీద నాటాల్ పట్టణాల్లోని తెల్ల ఓటర్లే గొడవ చేశారు. 1894లో తీసేశారు. అది తీసేసిన మరుసటి ఏడాదే మూడు పౌన్ల పన్ను చట్టం వచ్చింది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన రాసుకోండి.

ఇంకో పోలిక చూడండి. 1849-51లో జోసెఫ్ బర్న్ అనే వ్యాపారి నడిపిన పథకంలో బ్రిటన్ నుంచి నాటాల్‌కు వచ్చిన వాళ్ళకు ఓడ కింది తరగతి ప్రయాణం, పెద్దవాళ్ళకు తలా 20 ఎకరాలు కలిపి 10 పౌన్లకే ఇచ్చారు. ఆ భూముల్లో చాలా వాటికి నీటి వసతి లేదు, 20 ఎకరాలతో అక్కడ బతకడం కష్టం. చాలామంది వదిలేసి పట్నాలకు చేరారు. మోసపోవడం వాళ్ళకూ తెలుసు. కాకపోతే వాళ్ళు వదిలేసి వెళ్ళిపోగలిగారు. మన వాళ్ళు వదిలేసి వెళ్తే అది నేరం. ఒకే కాలనీలో ఈ రెండు రకాల ప్రోత్సాహకాలకూ ఉన్న అసలు తేడా ఇదే.

అడుగు 4: లెక్క కట్టండి, నోటితో కాదు, కాగితం మీద

షరతుల కాగితంలో జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏటా ఒక షిల్లింగు పెరుగుదల. ఐదో ఏడాదికి 14. ఆడవాళ్ళకు ఇందులో సగం. ఒక పౌనుకు 20 షిల్లింగులు. మగమనిషికి ఏడాది వారీగా కూడితే ఇలా వస్తుంది.

మొదటి ఏడాది 6 పౌన్లు. రెండో ఏడాది 6 పౌన్ల 12 షిల్లింగులు. మూడో ఏడాది 7 పౌన్ల 4 షిల్లింగులు. నాలుగో ఏడాది 7 పౌన్ల 16. ఐదో ఏడాది 8 పౌన్ల 8. మొత్తం సరిగ్గా 36 పౌన్లు. ఒక్క రోజు కూడా నాగా లేకుండా, జబ్బు పడకుండా, కోతలు లేకుండా ఐదేళ్ళు పని చేస్తే వచ్చే పై హద్దు ఇది. ఈ 36 గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే ప్రతి పన్నునూ, జరిమానానూ దానితో కొలవచ్చు.

ఇప్పుడు రూపాయల్లోకి మార్చాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. 1870ల మొదట్లో రూపాయి విలువ సుమారు రెండు షిల్లింగులు. అంటే 10 షిల్లింగులు దాదాపు 5 రూపాయలు. తర్వాత వెండి ధర పడిపోతూ వచ్చింది, 1890ల చివర్లో రూపాయిని 1 షిల్లింగు 4 పెన్నీలకు కట్టారు. పౌనుకు 15 రూపాయలన్నమాట. అప్పుడు అదే 10 షిల్లింగులు ఏడున్నర రూపాయలు. నాటాల్ యజమాని పైసా ఎక్కువ ఇవ్వలేదు, కాని మన ఊళ్ళో రిక్రూటరు చెప్పే అంకె ఒకటిన్నర రెట్లయింది. కాబట్టి 1875 నాటి ప్రకటనకు పౌనుకు 10 రూపాయల లెక్క, 1900 నాటి దానికి 15 రూపాయల లెక్క వాడండి. మధ్య ఏళ్ళకు ఆ ఏటి మారకపు రేటు చూసుకోవాల్సిందే.

జీతంతో పాటు రేషను. రోజుకు ఒకటిన్నర పౌను బియ్యం, అంటే ఇప్పటి లెక్కలో 680 గ్రాములు. నెలకు 2 పౌన్ల పప్పు, 2 పౌన్ల ఉప్పుచేప, 1 పౌను నెయ్యి లేదా నూనె, 1 పౌను ఉప్పు. (ఇక్కడ పౌను తూకం, డబ్బు కాదు. రెండూ ఒకే కాగితంలో వస్తాయి గనుక చదివేటప్పుడు పక్కన గుర్తు పెట్టుకోండి.) నెలకు 2 పౌన్లంటే రోజుకు 30 గ్రాముల పప్పు. గుప్పెడు కూడా రాదు. పొద్దుటినుంచి చెరకు నరికే మనిషికి ఇది ఏపాటి తిండో మన వంటింట్లో ఒక్కసారి తూచి చూడండి. నేను తూచాను. స్టీలు గ్లాసులో అడుగున మిగిలిన పప్పును చూశాక ఆ రేషన్ పట్టికను మళ్ళీ మామూలుగా చదవలేకపోయాను.

తర్వాత కోతలు. ఇవి షరతుల కాగితంలో ఎక్కువగా కనిపించవు, చట్టంలో ఉంటాయి. ఇతర కాలనీల కాగితాలతో పోల్చి చూస్తే ఈ అలవాటు బాగా అర్థమవుతుంది. మారిషస్‌లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు, దాన్ని డబుల్ కట్ అనేవారు. 1879లో భారతీయ కూలీల వలస మొదలైన ఫిజీ షరతుల కాగితంలో మగమనిషికి రోజుకు ఒక షిల్లింగు అని కనిపిస్తుంది. కాని అదే కాగితంలో 'టాస్క్' అన్న పద్ధతి కూడా ఉంటుంది. అప్పగించిన కొలత పూర్తయితేనే ఆ షిల్లింగు. కొలత ఎంతన్నది తోటలో సర్దారు, అంటే కూలీల మీది మేస్త్రీ, చెబుతాడు. ఏ కాలనీ ప్రకటనైనా సరే, జీతం అంకె చూడగానే దేన్ని పూర్తి చేస్తే అది చేతికొస్తుందో వెతకండి.

అడుగు 5: జంట కాగితం వెతకండి

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే అడుగు ఇదే. ఒక నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమవైపు మాట ఇచ్చిన కాగితం, కుడివైపు ఆ మాటను మార్చిన కాగితం. నాటాల్‌కు కనీసం మూడు జంటలు ప్రతి ఒక్కరూ రాసుకోవాలి.

మొదటిది భూమి. పదేళ్ళు కాలనీలో ఉన్నవాళ్ళకు స్వదేశానికి ఉచిత ప్రయాణం హక్కు. అది వద్దనుకుంటే ఆ ప్రయాణ ఖర్చుకు సమానమైన విలువ గల సర్కారు భూమి ఇవ్వవచ్చని 1870 నాటి 2వ లాలోని 51వ సెక్షను చెప్పింది. మన ఊళ్ళల్లో సెంటు భూమి లేని వాడికి ఈ మాట ఎంత బలంగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. కుడివైపు రాయండి: 1891లో వలస చట్టాన్ని తిరిగి రాసినప్పుడు ఈ భూమి వసతి తీసేశారు. కాబట్టి మీ పూర్వీకుడు 1885లో వెళ్ళి ఉంటే, పదేళ్ళు పూర్తయ్యేసరికి ఆ ఆశ చట్టంలోనే లేదు. వెళ్ళిన తేదీకి పది కలిపి చూడటం అలవాటు చేసుకోండి. మాట ఇచ్చిన ఏడాది కంటే, మాట నిలబెట్టుకోవాల్సిన ఏడాది ముఖ్యం.

రెండోది రక్షణ. ఎడమవైపు: మీ కష్టం వినడానికి ప్రొటెక్టర్ అనే అధికారి ఉన్నాడు. కుడివైపు 1891 నాటి 25వ లా. యజమాని ఇంటి నుంచి మైలు దూరం దాటి, రాతపూర్వక అనుమతి లేకుండా కనిపిస్తే పట్టుకోవచ్చు. 101వ సెక్షను ఇంకా ముందుకెళ్ళింది. ఒక తోటలోని కూలీలందరూ లేదా చాలామంది కలిసి ఫిర్యాదు చేయడానికని సెలవు లేకుండా వెళ్తే, ఫిర్యాదు న్యాయమైనదైనా కాకపోయినా జరిమానా లేదా జైలు. ఒంటరిగా వెళ్ళాలంటే యజమాని చీటీ కావాలి. ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి దగ్గరే చీటీ అడగాలి. ఈ సెక్షను చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 'ప్రొటెక్టర్' అన్న పదం ఏ నివేదికలో చూసినా ఇప్పటికీ ఆ మైలు దూరమే గుర్తొస్తుంది.

మూడోది స్వేచ్ఛ. ఐదేళ్ళ ఒప్పందం ముగిశాక ఇష్టమైన పని చేసుకోవచ్చన్నది మొదట్నుంచీ పెద్ద ఆకర్షణ. చాలామంది అలాగే కూరగాయలు పండించారు, చేపలు పట్టారు, చిన్న దుకాణాలు పెట్టారు. అక్కడి తెల్ల వ్యాపారులకు ఇది గిట్టలేదు. 1895 నాటి 17వ యాక్ట్ వచ్చింది. ఒప్పందం ముగిశాక భారతదేశానికి తిరిగి వెళ్ళాలి, లేదా మళ్ళీ ఒప్పందంలో చేరాలి. రెండూ చేయనివాడు నాటాల్‌లో ఉండటానికి ఏటా లైసెన్సు తీసుకుని 3 పౌన్లు కట్టాలి. మొదట 25 పౌన్లు అడిగారు, వైస్రాయ్ ఎల్గిన్ మూడింటికి ఒప్పుకున్నాడు. 1903లో ఈ పన్నును 16 ఏళ్ళు దాటిన అబ్బాయిలకు, 13 ఏళ్ళు దాటిన అమ్మాయిలకు కూడా వేశారు.

ఇప్పుడు అడుగు 4లోని లెక్క బయటికి తీయండి. భార్యాభర్తలు, పెద్ద పిల్లలు ఇద్దరు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌన్లు. ఐదో ఏడాదిలో మగమనిషి సంపాదన 8 పౌన్ల 8 షిల్లింగులు. పన్ను కట్టలేక మళ్ళీ ఒప్పందంలో చేరడమే చట్టం కోరుకున్నది. చూడటానికి పన్ను, నిజానికి తోటలకు మనుషులను నిలబెట్టే ప్రోత్సాహకం. వెస్టిండీస్‌లోని కొన్ని కాలనీలు ఇదే పనికి తిరిగి చేరేవాళ్ళకు ఎదురు డబ్బిచ్చాయి. నాటాల్ డబ్బు లాక్కుని అదే ఫలితం రాబట్టింది. 1913 నాటి పెద్ద సమ్మె తర్వాత 1914లో ఈ పన్ను పోయింది.

1895 చట్టం రాకముందు ఒప్పందం చేసుకుని వెళ్ళినవాళ్ళకు ఈ పన్ను వర్తించదు. ఆ చట్టం కింద వెళ్ళినవాళ్ళ ఐదేళ్ళు ముగిసింది 1901 నుంచి. మీ కుటుంబంలో "మూడు పౌన్ల బాధ" అన్న కథ ఉంటే, ఆ ఓడ తేదీ 1890ల రెండో సగంలోనో ఆ తర్వాతో ఉండాలి. కుటుంబ కథను తేదీతో సరిచూసుకోవడానికి ఇంత మంచి గుర్తు ఇంకోటి లేదు.

అడుగు 6: ఓడ జాబితాలో మన వాళ్ళను గుర్తుపట్టడం

ఓడ జాబితాలో ఒక్కొక్కరికి ఒక వరుస. కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, శరీరం మీది గుర్తులు, ఎవరి దగ్గర పనికి పెట్టారు అన్న గడులు ఉంటాయి. తొలి జాబితాల్లో ఇవి తక్కువ, తర్వాత పెరిగాయి. కలోనియల్ నంబరు దొరికితే సగం పని అయినట్టే. పెళ్ళి, బదిలీ, జరిమానా, చావు వంటి తర్వాతి కాగితాల్లో మనిషిని ఈ నంబరుతోనే రాశారు. పేరు మారినా నంబరు మారదు.

జిల్లా పేర్ల దగ్గర అందరం బోల్తా పడతాం. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే దొరకదు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో వచ్చాయి. వాటి ఊళ్ళు అప్పుడు విశాఖపట్నం, గంజాం జిల్లాల కింద ఉండేవి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకుముందు ఆ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు. చిత్తూరు తెలుగు కుటుంబాన్ని "మద్రాసు తమిళులు" అని పొరబడటానికి ఇదొక్కటే చాలు. గోదావరి, కృష్ణా అన్న జిల్లాలు 1859 నుంచి ఉన్నాయి. గుంటూరు 1904లో మళ్ళీ విడి జిల్లా అయింది. అనంతపురం 1882 దాకా బళ్ళారిలో భాగం.

ఊరి పేర్లను బిగ్గరగా చదవండి. గుమాస్తా చెవికి విన్నట్టు రాసుకున్నాడు కాబట్టి మనం నోటితో పలికితేనే దారి దొరుకుతుంది. చికకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, ఎల్లూర్ అంటే ఏలూరు, కోకనాడ అంటే కాకినాడ, బెజవాడ మనకు తెలిసిందే. మారిషస్ కాగితాల్లో తెలుగువాళ్ళను ఏకంగా 'కొరింగి' అన్నారు. యానాం దగ్గరి కోరంగి రేవు పేరు అది.

కులం గడిలో 'జెంటూ' అని కనిపిస్తే వదలకండి. ఆనాటి మద్రాసు ఇంగ్లీషులో జెంటూ అంటే తెలుగు. అలాగే 'మలబార్' అన్న మాట కులం గడిలో ఉంటే కేరళ అనుకోవద్దు, తమిళులను అప్పట్లో అలా రాసేవారు. అదే మాట జిల్లా గడిలో ఉంటే మాత్రం నిజంగా మలబార్ జిల్లానే.

పేర్లకు ఊహగా ఒక ఉదాహరణ ఇస్తాను. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న మనిషి 'అప్పలస్వామి' అనుకోండి. జాబితాలో అది అప్పల్సామీ, ఉప్పల్సామి, అపల్లాసాము అని మూడు రకాలుగా ఉండవచ్చు. చివరి 'స్వామి' దగ్గర్నుంచి వెనక్కి చదువుతూ రండి, పేరు బయటపడుతుంది. అప్పల, సింహాద్రి, పైడి అన్న ముక్కలు కనిపిస్తే ఉత్తరాంధ్ర వైపు చూడవచ్చు. 'నాయుడు' అన్నది చాలాసార్లు జాబితాలో ఉండదు, తర్వాతి తరాల్లో ఇంటిపేరుగా స్థిరపడింది. కాబట్టి 'నాయుడు' అని వెతికి దొరకలేదని నిరాశపడొద్దు.

ఒక చిన్న హెచ్చరిక. గుమాస్తాలు పై వరుసలోని మాటే కిందా అయితే 'డిట్టో' అని పొట్టిగా గీసేవారు. నేను మొదట్లో ఆ గీతలను ఖాళీ గడులనుకున్నాను. దాంతో ఒక కుటుంబానికి ఊరు రాయలేదని చెప్పేశాను. నాలుగు వరుసల పైన ఊరి పేరు స్పష్టంగానే ఉంది. ఇప్పుడు ఏ వరుస చూసినా ఆ పేజీ మొదటికి వెళ్ళి కిందికి దిగుతాను.

ఆడవాళ్ళ వరుసలను ఇంకాస్త నిదానంగా చూడండి. ప్రతి 100 మంది మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళు ఉండాలన్న నిబంధన వల్ల ఓడ బయలుదేరే ముందు ఆ లెక్క నింపాల్సి వచ్చేది. ఓడెక్కే ముందు మనుషులను ఉంచే డిపోలోనే కొత్తగా జంటలు కట్టినవాళ్ళు ఉన్నారు, పిల్లలతో ఒంటరిగా వెళ్ళిన తల్లులు ఉన్నారు. భర్త పేరు గడి ఖాళీగా ఉంటే దాన్ని ఖాళీగానే రాసుకోండి. మనకు నచ్చిన కథతో నింపొద్దు.

అడుగు 7: ఎక్కడ వెతకాలి

నాటాల్ ఓడ జాబితాల నకళ్ళు డర్బన్‌లోని క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటరులో ఉన్నాయి. ప్రొటెక్టర్ కార్యాలయపు ఫైళ్ళ కోసం పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌ను అడగాలి. అక్కడ నారిస్ (NAAIRS) అనే సూచికలో నంబరు, పేరు, తోట పేరు మూడింటితోనూ వేర్వేరుగా వెతకండి. లండన్ వైపు క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో నాటాల్ ఉత్తరప్రత్యుత్తరాలు సీఓ (CO) 179 అనే వరుసలో ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వం వైపు కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. మారిషస్‌కు వెళ్ళినవాళ్ళ రికార్డులు అక్కడి మోకా (Moka) అనే ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, అక్కడ కొందరి ఫొటోలు కూడా దొరుకుతాయి.

ఉత్తరం రాసేటప్పుడు మొత్తం వంశవృక్షం పంపకండి. ఒక పేరు, దాని మూడు నాలుగు స్పెల్లింగులు, సుమారు ఏడాది, తెలిసిన తోట లేదా ఊరు. ఇంతే రాస్తే త్వరగా పని జరుగుతుంది.

అడుగు 8: దొరికిన వరుసను ఎత్తి రాయడం

గడిలో ఉన్నదాన్ని ఉన్నట్టే రాయండి. గుమాస్తా తప్పు స్పెల్లింగును సరిదిద్దకుండా అలాగే ఉంచి, మీరు అనుకునే తెలుగు పేరు పక్కన వేరే రంగులో రాయండి. రేపు ఇంకొకరికి ఆ తప్పే దారి చూపవచ్చు. కులం గడి గురించి ఇంట్లో ఇబ్బంది రావచ్చు, ముఖ్యంగా తర్వాతి తరాలు వేరే ఇంటిపేరుతో స్థిరపడి ఉంటే. నేనైతే ఆ గడిని దాచను, కాని ముందు కుటుంబంలో పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడాకే నలుగురికీ చూపిస్తాను.

ఆ వరుస కింద అడుగు 5లోని మూడు జంటలూ రాయండి: వెళ్ళిన ఏడాదికి భూమి మాట ఉందా, పదేళ్ళ తర్వాత ఉందా, మూడు పౌన్లు వర్తించాయా. ఇప్పుడు ఆ మనిషికి ఏం చెప్పారో, చేతికి ఏం వచ్చిందో ఒకే పేజీలో కనిపిస్తుంది.

చివరిగా శరీరం మీది గుర్తుల గడి. ఎడమ మోకాలి మీద మచ్చ, నుదుటి మీద పచ్చబొట్టు లాంటి మాటలు ఉంటాయి. పారిపోతే పట్టుకోవడానికి సర్కారు రాసుకున్న గడి అది. చాలామంది దాన్ని ఎత్తి రాయకుండా వదిలేస్తారు. నా నోటుబుక్కులో మాత్రం ప్రతి పేరు పక్కన మొదట రాసేది అదే, ఎందుకంటే నాటాల్ వెళ్ళిన మన వాళ్ళలో చాలామందికి ఫొటో లేదు.